కాక్‌పిట్‌కి కాపలా: పైలట్ చేతిలో తుపాకీయా, గట్టి తలుపా, ఎయిర్ మార్షలా?

విమానంలో భద్రత మాట ఎత్తగానే చర్చంతా పైలట్లకు తుపాకీ ఇవ్వాలా వద్దా అన్న దగ్గరికే చేరుతుంది. ఇవ్వాలనేవాళ్లు 2001 సెప్టెంబరు 11ని గుర్తుచేస్తారు. వద్దనేవాళ్లు గాల్లో ఒక్క తూటా పేలితే విమానం చీలిపోతుందని భయపెడతారు. ఏ ఏర్పాటైనా ఒక రకం దాడిని, అదీ కొన్ని క్షణాల పాటే ఆపగలదన్న సంగతి ఇద్దరూ మర్చిపోతున్నారు. అందుకే ఏది మేలో తేల్చేముందు మూడు విషయాలు చూసుకోవాలి. దాడి చేసేవాడు కాక్‌పిట్ తలుపుకి ఏ వైపున ఉన్నాడు? ఆ క్షణంలో తలుపు మూసి ఉందా, తెరిచి ఉందా? విమానం కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుంది?

2001కి ముందు హైజాకర్లకు కావలసింది డబ్బో, ఖైదీల విడుదలో, వేరే దేశంలో ఆశ్రయమో. విమానం నడిపేది పైలటే కాబట్టి, అడిగింది చేసి నేల మీదికి దించి బేరం సాగదీయమని సిబ్బందికి నేర్పేవారు. సెప్టెంబరు 11న 19 మంది, నాలుగు విమానాల్లో, చిన్న చాకులతో ఎక్కి తామే నడుపుతామన్నారు. పాత పద్ధతి ఆ ఉదయమే పనికిరాకుండా పోయింది. ఆ నాలుగింట్లో ఒకటైన యునైటెడ్ 93లో ప్రయాణికులకు మిగతా విమానాల సంగతి ఫోన్లలో తెలిసింది, వాళ్లు ఊరుకోలేదు. అదే ఏడాది డిసెంబరులో బూటులో బాంబుతో ఎక్కినవాణ్నీ, 2009 డిసెంబరు 25న లోదుస్తుల్లో బాంబు దాచినవాణ్నీ పట్టుకుని ఆపింది పక్క సీట్లవాళ్లూ, విమాన సిబ్బందే. మామూలు బట్టల్లో ప్రయాణికుల మధ్య కూర్చునే సాయుధ కాపలాదారులైన ఎయిర్ మార్షళ్లు కారు, తుపాకులు పట్టిన పైలట్లు కారు. పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఈ మార్పును లెక్కలో వేసుకోకపోతే మిగతా ఏర్పాట్ల విలువ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

తలుపు

మొదటి స్థానం తలుపుదే, ఇందులో అనుమానం అక్కర్లేదు. 1964 మే 7న పసిఫిక్ ఎయిర్ లైన్స్ 773లో ఒక ప్రయాణికుడు కాక్‌పిట్‌లోకి దూరి ఇద్దరు పైలట్లనూ కాల్చేశాడు. విమానంలోని 44 మందీ చనిపోయారు. ఆ తర్వాతే అమెరికాలో ప్రయాణంలో కాక్‌పిట్ తలుపుకి తాళం వేసి ఉంచాలన్న నిబంధన వచ్చింది. అయితే అది గట్టిగా తంతే ఊడివచ్చే తలుపు. గట్టి తలుపు రావడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. అమెరికాలో 2003 ఏప్రిల్ 9 గడువు పెట్టారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, 2003 నవంబరు 1 నుంచి 45,500 కిలోలకు మించిన లేదా 60 సీట్లు దాటిన ప్రయాణికుల విమానాలకు దీన్ని తప్పనిసరి చేసింది.

అమెరికా ప్రమాణం ప్రకారం తలుపు 300 జౌల్స్ దెబ్బకు తట్టుకోవాలి. 80 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుకొచ్చి గుద్దితే ఉండే శక్తి అది. పిడి మీద 113 కిలోల బరువు వేలాడినంత లాగుడు పెట్టినా ఊడకూడదు. 9 మిల్లీమీటర్ల తూటా, .44 మాగ్నమ్ తూటా సెకనుకు 436 మీటర్ల వేగంతో తగిలినా దాటకూడదు.

ఇనప పలక బిగిస్తే పనైపోయేది కాదు ఇది. కాక్‌పిట్ అద్దం పగిలి లోపలి గాలి ఒక్కసారిగా బయటికి పోతే, తలుపుకి రెండు వైపులా ఒత్తిడి తేడా వచ్చి గోడా నేలా దెబ్బతింటాయి. అందుకని ఒత్తిడి హఠాత్తుగా పడిపోయినప్పుడు తనంతట తాను వదిలేసే గొళ్లెమో, తెరుచుకునే చిన్న పలకలో తలుపులో పెడతారు. బయటి మనిషి ఆ పలకను దారిగా వాడుకోకుండా చూడటం డిజైన్‌లో కష్టమైన భాగం. కొన్ని విమానాల్లో గొళ్లెం కరెంటుతోనే పట్టి ఉంటుంది. కరెంటు పోతే తలుపు మూసే ఉన్నా తాళం వదిలేస్తుంది. అలాంటప్పుడు చేత్తో వేసే గడియ ఒకటి వేరే ఉండాలి, అది ఎప్పుడు వేయాలో సిబ్బందికి తెలిసుండాలి.

ఇక అసలు లోటు. తలుపు మూసి ఉన్నంతసేపే అది తలుపు. పైలట్లు టాయిలెట్‌కి వెళ్లాలి, వాళ్లకు భోజనం లోపలికి వెళ్లాలి. సుదూర ప్రయాణంలో విశ్రాంతికి పైలట్లు మారాలి. ప్రతిసారీ కొన్ని క్షణాల పాటు ఆ 300 జౌల్స్ తలుపు ఉత్త గుమ్మమే. ముందు వరుస సీట్ల నుంచి గుమ్మానికి దూరం నాలుగైదు అడుగులు. భద్రతకి పెట్టే ప్రతి రూపాయీ, ప్రతి డాలరూ ముందు ఈ నాలుగైదు అడుగుల మీద పెట్టాలి.

తలుపు తెరిచే పద్ధతి ఇలా ఉండాలి. లోపలి నుంచి ఇంటర్‌ఫోన్‌లో ముందు చెప్పాలి. బయట ఉన్న సిబ్బంది కాక్‌పిట్ పక్కనున్న టాయిలెట్ ఖాళీ అని తలుపు తీసి చూసి నిర్ధారించుకోవాలి, బయటి దీపం చూసి కాదు. క్యూలో ఉన్నవాళ్లను సీట్లకు పంపించాలి. ట్రాలీని నడవకు అడ్డంగా పెట్టి బ్రేకు తొక్కాలి. ఒకరు ప్రయాణికుల వైపు ముఖం పెట్టి నిలబడాలి. లోపలి పైలట్ కెమెరాలోనో కంతలోనో చూశాకే తాళం తీయాలి. ఒకరు బయటికి, ఒకరు లోపలికి, తలుపు మూత. గుమ్మంలో నిలబడి కాఫీ అందుకుంటూ కబుర్లు చెప్పుకోకూడదు. ఇది చెడిపోయేది అలవాటు వల్ల. రోజుకి నాలుగు విమానాలు ఎక్కే సిబ్బందికి బ్రేకు తొక్కడం మొదట మరుపుకొస్తుంది. బ్రేకు లేని ట్రాలీ అడ్డు కాదు, తోస్తే తలుపు మీదికే దొర్లుతుంది.

ఆ ట్రాలీ పనిని సరిగ్గా చేసేది రెండో అడ్డుకట్ట. మడిచి పక్కకు పెట్టుకునే కమ్మీల గేటు లాంటిది, తలుపు తెరిచేముందు నడవకు అడ్డంగా బిగిస్తారు. అమెరికా విమానయాన శాఖ 2023 జూన్‌లో కొత్తగా తయారయ్యే ప్రయాణికుల విమానాలకు దీన్ని తప్పనిసరి చేసింది. అది 272 కిలోల తోపుడుకి నిలవాలి, చొరబడేవాణ్ని కనీసం 5 సెకన్లు ఆపాలి. ఐదు సెకన్లా అని పెదవి విరవకండి. ఈ గేటు దొంగను పట్టుకోడానికి కాదు, వెనకున్న అసలు తలుపు మూసుకునేంత వ్యవధి ఇవ్వడానికి. తలుపు లాగి గొళ్లెం పడటానికి ఐదు సెకన్లు చాలు. ఆ నిబంధన ఇప్పటికే ఎగురుతున్న విమానాలకు వర్తించదు. రాబోయే దశాబ్దంన్నర పాటు ఆకాశంలో ఎక్కువగా ఉండేవి అవే కాబట్టి, పాతవాటికీ బిగించడం మీదే అందరూ పట్టుబట్టాలి.

తలుపుకి లోపలి వైపు శత్రువుంటే

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525లో కెప్టెన్ బయటికెళ్లగానే కో-పైలట్ లోపల తాళం వేసుకుని విమానాన్ని ఆల్ప్స్ కొండలకు గుద్దించాడు. 150 మంది పోయారు. 2013 నవంబరు 29న మొజాంబిక్ విమానం 470లో కెప్టెన్ ఇదే చేశాడు, 33 మంది పోయారు. బయటివాణ్ని ఆపే తలుపు లోపలికి వెళ్లాల్సినవాణ్నీ ఆపేసింది. దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. 2012 మార్చి 27న జెట్‌బ్లూ 191లో కెప్టెన్‌కి మతి చెదిరింది. ఆయన బయటికి వచ్చినప్పుడు కో-పైలట్ తాళం వేసేశాడు, ప్రయాణికులు కెప్టెన్‌ను పట్టి ఉంచారు, విమానం అమరిల్లోలో క్షేమంగా దిగింది. అంటే తాళం ఎవరి చేతిలో ఉండాలన్నదానికి అన్ని సందర్భాలకూ చెల్లే జవాబు లేదు.

జర్మన్‌వింగ్స్ తర్వాత కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలన్న సలహా ఐరోపాలో వచ్చింది. ఒక పైలట్ బయటికెళ్తే విమాన సిబ్బందిలో ఒకరు లోపలికి వెళ్తారు. 2016లో దాన్ని సడలించి, ఎయిర్‌లైన్లు తమ పరిస్థితి బట్టి తేల్చుకోవచ్చన్నారు. సడలింపుకి కారణం లేకపోలేదు. మనిషి మారినప్పుడల్లా తలుపు మరికాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, పైలట్లకు జరిగే వైద్య పరీక్షలు జరగని మరో మనిషి లోపలికి వస్తాడు. రెండో అడ్డుకట్ట ఉన్న విమానంలో ఇద్దరి పద్ధతి పాటించడం మంచిది. అది లేని విమానంలో లాభనష్టాలు దాదాపు సమానం. పైలట్ల మానసిక ఆరోగ్యం గురించి భయపడకుండా చెప్పుకునే ఏర్పాటు వీటన్నిటికంటే ముందుండాలి. ఉద్యోగం పోతుందన్న భయంతో దాచిన జబ్బుని ఏ తాళమూ పట్టుకోలేదు.

పైలట్ చేతిలో తుపాకీ

అమెరికాలో 2002 నవంబరులో వచ్చిన హోంల్యాండ్ సెక్యూరిటీ చట్టంలో భాగంగా పైలట్లకు ఆయుధం ఇచ్చే ఏర్పాటు మొదలైంది. తొలి జట్టు, 44 మంది, 2003 ఏప్రిల్‌లో జార్జియా రాష్ట్రం గ్లింకోలో శిక్షణ ముగించారు. అదే ఏడాది డిసెంబరులో మరో చట్టం సరుకు విమానాల పైలట్లకూ దీన్ని విస్తరించింది. చేరడం స్వచ్ఛందం. పూర్వాపరాల విచారణ, మానసిక పరీక్ష, వారం శిక్షణ, ఏటా రెండుసార్లు మళ్లీ గురి పరీక్ష. మొదట్లో ఇచ్చింది .40 క్యాలిబర్ హెక్లర్ అండ్ కాక్ పిస్టల్. అధికారం కాక్‌పిట్ వరకే. ప్రయాణికుల మధ్య గొడవ జరుగుతుంటే తుపాకీ తీసుకుని బయటికి రావడానికి వీల్లేదు, రానూ కూడదు. అమెరికా దాటితే చాలా దేశాల చట్టం దాన్ని ఒప్పుకోదు.

ముందు తూటా భయం సంగతి. ఎత్తులో ఎగిరే విమానం లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో కంటే కాస్త ఎక్కువ. లోపలికి గాలి నిరంతరం వస్తూనే ఉంటుంది, ఎక్కువైనది వెనకున్న కవాటం గుండా పోతుంది. తూటా చేసిన వేలెడంత కంత పడితే ఆ కవాటం మరికాస్త మూసుకుంటుంది, అంతే. 1988లో అలోహా ఎయిర్‌లైన్స్ విమానం 243 పైకప్పులో పెద్ద ముక్కే ఎగిరిపోయినా విమానం దిగింది. గురి తప్పిన తూటాకు నిజంగా భయపడాల్సింది పక్క పైలట్ ప్రాణం గురించి, పరికరాల వెనకున్న తీగల గురించి, అద్దాల గురించి. తుపాకీని కాదనడానికి వేరే బలమైన కారణాలున్నాయి, ఈ చీలిపోవడం కథ వాటిలో లేదు.

బలమైన కారణం 2008 మార్చి 22న బయటపడింది. డెన్వర్ నుంచి షార్లెట్ వెళ్తున్న యూఎస్ ఎయిర్‌వేస్ 1536లో, దిగే ముందు పైలట్ తన పిస్టల్‌ను భద్రపరుస్తుండగా పేలింది. తూటా కాక్‌పిట్ పక్క గోడలోంచి బయటికి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, విమానం మామూలుగానే దిగింది. ఎలా పేలిందో చూస్తే ఏర్పాటులో లోపం అర్థమవుతుంది. కాక్‌పిట్ దాటే ప్రతిసారీ తుపాకీకి తాళం వేయాలని నియమం. అందుకోసం హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, కంత పెట్టి, తాళం కప్ప కొంకిని ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ లోంచి దూర్చేలా చేశారు. పిస్టల్ హోల్‌స్టర్‌లో అడుగుదాకా దిగకుండా కాస్త పైకి ఉంటే, ఆ కొంకి ఉండాల్సిన చోట కాక ట్రిగ్గర్‌కి తగిలే చోట దూరుతుంది. పైనుంచి తోలు కప్పి ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. కప్ప నొక్కితే ట్రిగ్గర్ నొక్కుకుంటుంది. గుండ్లున్న తుపాకీ ట్రిగ్గర్ దగ్గరికి ఇనప కొంకిని రోజుకి ఎన్నోసార్లు పంపించే పద్ధతి ఎప్పుడో ఒకసారి పేలక మానదు. తుపాకీని ఒంటి మీద హోల్‌స్టర్‌లోనే వదిలేసి ఉంటే ఆ ప్రమాదం ఉండేది కాదు.

ఉపయోగం సంగతికొస్తే, పైలట్ సీట్లో పట్టీలతో కట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంటాడు. దాడి వెనక నుంచి, చేయి చాస్తే అందే దూరంలో వస్తుంది. పట్టీలు విప్పి, వెనక్కి తిరిగి, తుపాకీ తీసి గురిపెట్టడానికి కొన్ని సెకన్లు కావాలి. తలుపు ఆ సెకన్లు ఇస్తేనే తుపాకీ పనికొస్తుంది. తలుపు బద్దలవుతున్న చప్పుడు వింటూ గుమ్మానికి ఎదురుగా తుపాకీ పట్టుకున్న పైలట్ మాత్రం చాలా బలమైన కాపలా. ఇరుకు దారిలోంచి ఒక్కొక్కరే రావాలి, తప్పు మనిషికి తగిలే అవకాశం తక్కువ. అందుకే తలుపా తుపాకీయా అన్న పోటీ పెట్టడం సరికాదు. తుపాకీ గట్టి తలుపు వెనక ఆఖరి గీతగా ఉండొచ్చు, బలహీనమైన తలుపుకి బదులు మాత్రం కాలేదు. ఇద్దరు పైలట్లలో విమానం నడుపుతున్నవారు నడపడం మీదే ఉండాలి, ఆయుధం రెండోవారి పని.

సరుకు విమానాల్లో లెక్క మారుతుంది. 1994 ఏప్రిల్ 7న ఫెడెక్స్ 705లో అదే సంస్థ ఉద్యోగి, సిబ్బంది కోసం ఉంచే అదనపు సీట్లో ఎక్కి, సుత్తులతో, చేపల్ని కొట్టే ఈటె తుపాకీతో ముగ్గురు సిబ్బంది మీద పడ్డాడు. తలలు పగిలిన ముగ్గురూ వాణ్ని అణచి మెంఫిస్‌లో దించారు. అక్కడ ఆదుకునే ప్రయాణికులు లేరు, మార్షల్ లేడు. చాలా సరుకు విమానాల్లో గట్టి తలుపూ ఉండదు. పైలట్ తుపాకీకి అన్నిటికంటే న్యాయమైన చోటు ఇదే. దానితో పాటు అదనపు సీట్లో ఎవరు కూర్చుంటున్నారో గట్టిగా చూడాలి. 2023 అక్టోబరు 22న హొరైజన్ 2059లో ఆ సీట్లో ఉన్న డ్యూటీలో లేని పైలట్ ఇంజిన్లకు ఇంధనం ఆపే అగ్నిమాపక పిడులు లాగబోయాడు. సిబ్బంది ఆపి బయటికి పంపారు. తుపాకీ అవసరం పడలేదు, ఆ ఇరుకులో తీస్తే ఎవరి చేతికి చిక్కేదో చెప్పలేం.

ఎయిర్ మార్షళ్లు

అమెరికాలో 1960ల మొదట్లోనే మొదలైన ఈ దళంలో 2001 సెప్టెంబరు 11 నాటికి 33 మందే ఉన్నారు. తర్వాత వేలకు పెంచారు, అంకె రహస్యం. 2010ల మధ్యలో ఈ దళానికి ఏటా 80 కోట్ల డాలర్ల దాకా ఖర్చయితే, పైలట్ల తుపాకీ ఏర్పాటుకి రెండు కోట్ల పైచిలుకు డాలర్లు సరిపోయాయి. అయినా మార్షళ్లు కనిపించేది రోజూ ఎగిరే వేల విమానాల్లో కొద్దిపాటివాటిలోనే.

ఎవరు ఎక్కారో తెలియకపోవడమే మార్షల్ బలం. ముందు వరుసల్లో మామూలు బట్టల్లో కూర్చున్నవాడు తుపాకీ మనిషో కాదో దాడి చేసేవాడికి తెలియదు. ఉత్త కొట్లాట లేపి మార్షల్ ఎవరో బయటపెట్టి, తర్వాత అసలువాళ్లు లేవడం పాత ఎత్తుగడ. అందుకే మార్షల్ తాగుబోతు గొడవలకు లేవకూడదు. తప్పు జరిగితే తిరిగి దిద్దుకోలేం. 2005 డిసెంబరులో మయామీలో, తన దగ్గర బాంబు ఉందని అన్న ప్రయాణికుణ్ని మార్షళ్లు విమానం ద్వారం దగ్గర కాల్చి చంపారు. బాంబేమీ దొరకలేదు. ఆ మనిషికి మానసిక జబ్బుంది.

ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ 1968లో తన విమానం ఒకటి హైజాక్ అయ్యాక ఆయుధాల కాపలా పెట్టింది. చిన్న సంస్థ కాబట్టి ప్రతి విమానంలో పెట్టగలదు. అదే పద్ధతి వేల విమానాల దేశానికి కుదరదు. అక్కడ మార్షళ్లను నిండు ఇంధనంతో బయల్దేరే సుదూర ప్రయాణాల మీదా, ముప్పు సమాచారం ఉన్న మార్గాల మీదా పెట్టాలి. గంట ప్రయాణానికి మార్షల్‌ను ఎక్కించడం కంటే ఆ డబ్బుతో రెండో అడ్డుకట్ట బిగించడం మేలు.

టేజర్లు, కట్టుపట్టీలు, శిక్షణ

టేజర్ అంటే కరెంటు షాక్‌తో మనిషిని కదలకుండా చేసే ఆయుధం, రెండు చిన్న ముళ్లను విసురుతుంది. రెండూ ఒంటికి దిగాలి, దళసరి కోటు మీద పడితే పనిచేయదు. ఒక నొక్కుడికి ఐదు సెకన్లు, ఆలోగా మరొకరు చేతులు కట్టేయాలి. నలుగురు ఒకేసారి వస్తే చాలదు. 2001 తర్వాత యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన కాక్‌పిట్‌ల కోసం కొని సిద్ధం చేసింది గానీ వాడటానికి అనుమతి రాలేదు. కొరియన్ ఎయిర్ క్యాబిన్‌లో ఉంచుతుంది, తాగి తిరగబడేవాళ్ల కోసం. అదే దానికి తగిన చోటు.

ఐకావో ప్రయాణికుల అల్లరిని నాలుగు స్థాయిలుగా విడదీస్తుంది: నోటి దురుసు, చేయి చేసుకోవడం, ప్రాణాపాయం కలిగించడం, కాక్‌పిట్‌లోకి చొరబడే ప్రయత్నం. 2021లో అమెరికాలో ఒక్క ఏడాదే దాదాపు 6,000 ఫిర్యాదులు వచ్చాయి. అత్యధికం మొదటి రెండు స్థాయిలవే. వీటికి ఏ తుపాకీ జవాబు కాదు. ప్లాస్టిక్ కట్టుపట్టీలు, వాటిని నిజంగా బిగించి సాధన చేసిన సిబ్బంది కావాలి. అమెరికాలో సిబ్బందికి ఉచితంగా ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణ నాలుగు గంటలు, అదీ ఇష్టముంటేనే. ఇది సరిపోదు. ఇరుకు నడవలో, సీట్ల మధ్య, ఏటా తిరిగి చేయించాలి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

చిన్న ప్రయాణాల ఎయిర్‌లైన్ అయితే తలుపు తెరిచే సార్లు తగ్గించండి. గంటన్నర ప్రయాణంలో పైలట్ బయల్దేరేముందే టాయిలెట్‌కి వెళ్లొస్తే చాలాసార్లు తలుపు తీసే పనే ఉండదు. మిగిలిన డబ్బు రెండో అడ్డుకట్టకి. సుదూర ప్రయాణాలైతే అడ్డుకట్ట తప్పనిసరి, మార్షళ్లు ఎంచిన మార్గాల్లో, సిబ్బందికి ఏటా శిక్షణ. సరుకు సంస్థ అయితే అదనపు సీటు తనిఖీ, గట్టి తలుపు, ఆపై ఇష్టపడిన పైలట్లకు ఆయుధం.

పైలట్లకు ఆయుధం ఇవ్వదలచిన ప్రభుత్వం ముందు హోల్‌స్టర్‌ని చూడాలి. ట్రిగ్గర్ కమ్మీలోకి ఏ వస్తువూ దూరకూడదు. గాల్లో ఉండగా తుపాకీ తీసి పెట్టే పని ఉండకూడదు. తాళం పెట్టె కావాలంటే హోల్‌స్టర్‌తో సహా తుపాకీ మొత్తం పెట్టెలోకి పోవాలి.

చేరాలనుకునే పైలట్ కూడా లెక్క వేసుకోవాలి. అమెరికాలో శిక్షణా, ఆయుధమూ ప్రభుత్వం ఇస్తుంది. సెలవు, ప్రయాణం, బస ఖర్చు పైలట్‌దే, దీనికి జీతం రాదు. నియామకం ఐదేళ్లు, గురి పరీక్ష ఏటా రెండుసార్లు. ఆ రెండు పరీక్షల మధ్య నెలకోసారైనా సాధనకు వెళ్లే తీరిక లేనివారు దరఖాస్తు పెట్టకపోవడం మంచిది.